బ్యాటరీ జమాఖర్చులు

2020వ సంవత్సరము ఏప్రిల్ నెల. లాక్‌డౌన్ మొదలై మూడు వారములు కావచ్చినది. ఒకనాటి రాత్రి రెండు గంటల వేళ మా అత్తగారికి ఆయాసము హెచ్చి ఊపిరి ఆడకపోయినది. ఆసుపత్రి నాలుగు కిలోమీటర్ల దూరము. కారు వాకిటనే ఉన్నది; ట్యాంకులో పెట్రోలు ఉన్నది; దారిలో పోలీసువారు ఆపినచో చూపుటకు వైద్యుని చీటీయు ఉన్నది. తాళము త్రిప్పితిమి. ఎదుటి దీపములు ఒక్కమారు మినుకుమని ఆరినవి. బానెట్టు క్రింద టకటకమను చప్పుడు తప్ప మరేమియు వినరాలేదు. ఎదురింటివారిని లేపి, వారి కారులో ఆమెను ఆసుపత్రికి చేర్చునప్పటికి నలువది నిమిషములు గడచినవి. ఆమె కోలుకొన్నారు గనుక నేడు ఈ సంగతి నిబ్బరముగా చెప్పగలుగుచున్నాము.

మరునాడు బ్యాటరీ రసీదు వెదకి చూచితిమి. కొని ఏడు నెలలే. దానికి ముందు వేయించినది పదునాలుగు నెలలకు మూలబడినది. రెండు మారులును మేము బ్యాటరీనే నిందించితిమి. ఇరుగుపొరుగువారును "ఈనాటి సరుకు ఇంతే" అని మాతో ఏకీభవించిరి. నేరము దానిది కాదు. ఎవరిదో చెప్పుటకు ముందు ఆ నల్లపెట్టెలో జరుగు వ్యవహారమును కొంత తెలిసికొనవలసి యున్నది.

మన కార్లలో ఇంజనును లేపునది నేటికిని చాలవరకు సీసము, ఆమ్లము కూడిన బ్యాటరీయే. గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని 1859లో కనిపెట్టెను. అప్పటికి మోటారు కారు పుట్టనే లేదు. నాటినుండి పెట్టె మారినది, పలకల తయారీ మారినది, మూలసూత్రము మాత్రము మారలేదు. పెట్టెలో ఆరు గదులు. ప్రతి గదిలోను సీసపు పలకలు కొన్ని, సీసపు డయాక్సైడు పలకలు కొన్ని, ఒకదాని సరసన ఒకటిగా నిలిచియుండును. వాని నడుమ నీటితో కలిపిన గంధకామ్లము. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెము పైగా ఇచ్చును. ఆరు గదులు కలిసి పండ్రెండున్నర వోల్టులు దాటును. విద్యుత్తును వాడినకొలది ఆమ్లములోని సారము పలకలకు పట్టి సీసపు సల్ఫేటుగా మారును, ఆమ్లము పలుచబడును. చార్జి చేసినప్పుడు ఆ సల్ఫేటు కరగి మరల ఆమ్లములో కలియును. ఈ రాకపోకలు సక్రమముగా జరిగినంతకాలము బ్యాటరీకి దిగులు లేదు.

దిగులు ఎచ్చట వచ్చుననగా, వాడుకొన్న దానిని వెంటనే తిరిగి చెల్లింపనప్పుడు. పలకలకు పట్టిన సల్ఫేటు మొదట మెత్తగా ఉండును. వారములు, నెలలు అట్లే వదలివేసితిమా, అది గట్టి స్ఫటికములుగా పెరుగును. పాలగిన్నెకు పట్టిన అడుగంటును వెంటనే నానవేసి తోమిన వదలును. రెండు దినములు ఎండనిచ్చినచో గరిటెతో గీకినను వదలదు. ఇదియు అంతే. గట్టిపడిన మేరకు పలక పనికిరాకుండ పోవును. నలువదియైదు ఆంపియరు-గంటల బ్యాటరీ క్రమముగా ఇరువదియైదు ఆంపియరు-గంటల బ్యాటరీ యగును. చూచుటకు మాత్రము అదే పెట్టె, అదే చీటీ. అకాలమున మరణించు బ్యాటరీలలో అనేకము ఇట్లు అర్ధాకలితో మాడి మరణించునవే.

ఆంపియరు-గంట యనగా, ఒక ఆంపియరు ప్రవాహమును ఒక గంటసేపు తీసినచో వెచ్చమగు విద్యుత్తు. మన చిన్నకార్లలో సాధారణముగా ముప్పదియైదు ఆంపియరు-గంటల బ్యాటరీ ఉండును. డీసెలు కార్లలో ఇంతకు హెచ్చు. ఇక నుండి దీనిని ధాన్యపు గాదె వలె భావించి, ఎంత పోయినది, ఎంత వచ్చినది లెక్క వ్రాసికొన్నచో విషయము చాల తేలికయగును.

బ్యాటరీని తినివేయునది స్టార్టరే అని లోకుల నమ్మకము. లెక్క వేసి చూతము. స్టార్టరు మోటారు నూటయేబది ఆంపియర్ల ప్రవాహమును రెండు సెకండ్లు లాగినదనుకొందము. మూడువందల ఆంపియరు-సెకండ్లు. గంటకు మూడువేల ఆరువందల సెకండ్లు గనుక, ఇది ఆంపియరు-గంటలో పండ్రెండవ వంతు. గాదెలో నుండి ఒక్క దోసెడు! స్టార్టరునకు కావలసినది ఒక్క క్షణము నిండైన బలము, రాశి కాదు. బలహీనపడిన బ్యాటరీ ఆ క్షణమున చతికిలబడును గనుక నింద స్టార్టరు మీదికి వచ్చినది.

ఈ విద్యుత్ స్టార్టరును అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించగా 1912లో కాడిలాక్ కార్లకు అమర్చిరి. అంతకు ముందు కారు ఎదుట నిలిచి ఇనుప హ్యాండిలు త్రిప్పవలసినదే. మన పాత అంబాసిడరు కార్లలో సహితము ఆ హ్యాండిలు ఉండెడిది. బ్యాటరీ నీరసించిన ఉదయమున డ్రైవరు చొక్కాచేతులు మడచి నాలుగు తిప్పులు త్రిప్పినచో బండి కదలెడిది. నేటి కారులో ఆ అవకాశము లేదు. చేతి గేర్ల బండి నైనను నలుగురు కూడి త్రోయవచ్చును గాని, ఆటోమేటిక్ గేర్ల బండిని వీధివారందరు కలిసి త్రోసినను ఇంజను మేల్కొనదు.

అసలు వ్యయము జరుగునది కారు నడచునప్పుడు కాదు, నిలిచియున్నప్పుడు. పూర్వపు కారు తాళము తీయగానే నిజముగా నిద్రించెడిది. నేటి కారు కన్ను మూసియు చెవి మూయదు. మన జేబులోని రిమోటు ఎప్పుడు పిలుచునోయని తలుపుల యంత్రము వినుచుండును. దొంగలను కనిపెట్టు అలారము కాపలా కాయుచుండును. ఇంజను కంప్యూటరు తన జ్ఞాపకములను నిలుపుకొనుచుండును. కొన్ని కార్లు యజమాని ఫోనునకు సమాచారము పంపుటకై సెల్లు టవరుతో మాటలాడుచునే ఉండును. తలుపులు వేసి తాళము బిగించిన తరువాత ఈ చిన్న కంప్యూటర్లు ఒకటొకటిగా నిద్రకు పోవును. కొన్ని కార్లలో ఇందుకు కొద్ది నిమిషములు చాలును, కొన్నింటిలో అరగంట దాటును. అన్నియు నిద్రించిన పిమ్మట మిగులు వ్యయము ఇరువది నుండి ఏబది మిల్లీ ఆంపియర్ల వరకు ఉండుట సహజమని మెకానిక్కులు లెక్కింతురు.

మిల్లీ ఆంపియరు వేయింట ఒక భాగము. ఇంత అల్పమా యని తోచును. కాని ఇది రేయింబవళ్లు ఆగని ధార. ఇరువదియైదు మిల్లీ ఆంపియర్లు దినమునకు 0.6 ఆంపియరు-గంటలగును. ముప్పదియైదు ఆంపియరు-గంటల చిన్నకారు బ్యాటరీ ఇరువది తొమ్మిది దినములలో సగమగును. ధార ఏబది అయినచో పక్షము దినములకే సగము. బ్యాటరీ తనంతట తాను పోగొట్టుకొను కొంత భాగము దీనికి అదనము. ఎండ ముదిరినకొలది అదియు పెరుగును. కొత్త బ్యాటరీ సగము చార్జితోనైనను ఇంజనును లేపగలదు. మూడేండ్లది లేపునను నమ్మకము లేదు. ఇక డిక్కీ మూత సరిగా పడక లోపలి అయిదు వాట్ల దీపము వెలుగుచు ఉండిపోయినదనుకొనుడు. అది దినమునకు పది ఆంపియరు-గంటలు త్రాగును. నాలుగవనాటికి గాదె ఖాళీ.

ఇట్లు పోయిన దానిని తిరిగి నింపు పని ఆల్టర్నేటరుది. ఇంజను తిరుగుచుండగా అది ఇంచుమించు పదునాలుగు వోల్టుల ఒత్తిడితో బ్యాటరీని చార్జి చేయును. పది నిమిషములు బండి నడపితిమి గదా, నిండి ఉండునులే అని మనము తృప్తిపడుదుము. ఆర్టీసీ బస్సు బయలుదేరునప్పుడు చూడుడు: మొదటి ముప్పదిమంది నిమిషములో ఎక్కుదురు, కడపటి పదిమందిని లోపలికి జరుపుటకు కండక్టరు గొంతు చించుకొనవలెను. బ్యాటరీయు అంతే. ఖాళీగా ఉన్నప్పుడు వేగముగా తీసికొనును. ఎనుబది వంతులు దాటిన పిమ్మట కొసరు నిండుటకు గంటలు పట్టును. ఇంటినుండి బడికి, బడినుండి రైతుబజారుకు, రైతుబజారునుండి ఇంటికి తిరుగు కారునకు ఆ గంటలు ఎన్నడును చిక్కవు. పైగా రద్దీలో ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నప్పుడు ఆల్టర్నేటరు తన పూర్తి శక్తిలో కొంత మాత్రమే ఇవ్వగలదు, అందులో ఏ.సి. పంకా, ముందు దీపములు, వానకాలమైనచో వైపర్లు తమ వాటాలు తీసికొనును. రోజుకు రెండు పర్యాయములు నడచు కారు బ్యాటరీ గూడ ఈ విధముగా ఎన్నడును నిండక, సల్ఫేటు పట్టి నశించుట కలదు.

దినమును ఉదయమే అయిదు నిమిషములు ఇంజనును ఊరక నడపి కట్టివేయు పెద్దమనుష్యులు ప్రతి అపార్టుమెంటులోను ఉందురు. వారి శ్రద్ధను మెచ్చుకొనవలసినదే కాని ఫలము స్వల్పము. మూసియున్న సెల్లారులోనైనచో ఈ అలవాటు ప్రమాదకరము కూడ. ఇంజను విడుచు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. వారమున కొక్కసారి నలువది, ఏబది నిమిషములు ఊరిబయటి రోడ్డుమీద నడపుట ఆ ఏడు ఉదయములకంటె ఎంతో మేలు.

బ్యాటరీకి శత్రువు చలి యని శీతల దేశముల పుస్తకములలో చదువుదుము. చలి బలమును తగ్గించును, నిజమే. ఆయువును తగ్గించునది ఎండ. ఉష్ణము పది డిగ్రీలు పెరిగినచో లోపలి రసాయన చర్య ఇంచుమించు రెండింతలు వేగమగును. పలకల తుప్పు పెరుగును, నీరు ఆవిరియగును. రెంటచింతలలోను రామగుండములోను వేసవి మధ్యాహ్నము నలువదియైదు డిగ్రీలున్నప్పుడు, ఇంజను సరసన మూసియున్న బానెట్టు క్రింద ఎంత ఉండునో ఊహించుకొనవచ్చును. వైశాఖమున తగిలిన దెబ్బ పుష్యమాసపు తెల్లవారుజామున బయటపడును; మనము ఆ చలిని నిందింతుము. కాబట్టి కారును నీడలో నిలుపుట రంగు కోసము మాత్రమే కాదు. మూతలు తీయుటకు వీలైన బ్యాటరీలలో వేసవియందు నెల కొకసారి నీటి మట్టము చూడవలెను. పోయవలసినది డిస్టిల్డు వాటరు మాత్రమే, గుర్తు వరకు మాత్రమే. ఇండ్లలో ఇన్వర్టరు బ్యాటరీలకు నీరు పోయు అలవాటు మనవారికి ఉన్నది గనుక ఇది క్రొత్త పని కాదు. కుళాయి నీరు, బోరు నీరు లవణములతో పలకలను పాడుచేయును. ఆర్.వో. నీటిలోను కొంత లవణము మిగిలియుండును. ఆమ్లమును మనము ఎన్నడును పోయరాదు.

ఇక మా కారు కథకు వత్తము. లాక్‌డౌన్ సడలిన పిమ్మట మాకు పరిచితుడైన ఒక మెకానిక్కు వచ్చెను. మేము మూడవ బ్యాటరీకి బేరమాడుచుండగా ఆయన, "ముందు మీటరు పెట్టి చూతమండీ, బ్యాటరీ ఎక్కడికిని పోదు" అనెను. ఈ ఒక్క మాటకు ఆయనకు మేము ఋణపడియున్నాము. మల్టీమీటరు అనునది విద్యుత్ పరికరముల దుకాణములలో కొన్ని వందల రూపాయలకే దొరకును. కారున్న ఇంట నుండదగిన వస్తువు.

మొదట వోల్టులు చూడవలెను. కారు నిలిచి కొన్ని గంటలైన పిమ్మట, అనగా రాత్రి నిలిపి ఉదయమున, బ్యాటరీ రెండు కొసల నడుమ కొలిచినచో 12.6 గాని అంతకు పైని గాని ఉన్న నిండుగా ఉన్నట్లు. 12.4 ఉన్న ముప్పాతిక. 12.2 ఉన్న సగము. 12.0 ఉన్న పాతిక. దానికి దిగువ ఖాళీ యనుకొనవచ్చును. సంఖ్యల నడుమ తేడా ఎంత స్వల్పమో గమనింపుడు. పండ్రెండు వోల్టులున్నవి గదా యని సంతోషించుట పొరపాటు. తరువాత ఇంజను నడచుచుండగా కొలిచిన సామాన్యముగా 13.8కిని 14.5కిని నడుమ ఉండవలెను. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరు ఆల్టర్నేటరును అవసరమునుబట్టి హెచ్చించుచు తగ్గించుచు ఉండును. అట్టివానిలో ఒక్క క్షణము తక్కువ కనబడినంత మాత్రమున లోపమని ఎంచరాదు.

మా మెకానిక్కు బ్యాటరీని మొదట చార్జి చేయించి తెచ్చెను. అటుపైని మైనస్సు తీగను ఊడదీసి, ఆ తీగకును బ్యాటరీ కొసకును నడుమ మీటరును ఆంపియర్లు కొలుచు అమరికలో కలిపెను. బానెట్టు తెరచియే ఉంచి, తలుపులన్నిటికి తాళము వేసి, రిమోటును ఇంటిలోనికి పంపి, నలువది నిమిషములు కాఫీ త్రాగుచు కూర్చుండెను. ఈ నిరీక్షణయే ముఖ్యము. తొందరపడి చూచువారికి నిద్రకు పోని కంప్యూటర్ల వాడుక గూడ దొంగ వలె కనబడును. మీటరు ఈ విధముగా కలిపియున్నప్పుడు పొరపాటున స్టార్టరు త్రిప్పినచో మీటరు మాడిపోవునని కూడ ఆయన హెచ్చరించెను.

నలువది నిమిషముల తరువాత మీటరులో 180 మిల్లీ ఆంపియర్లు నిలిచినవి. అప్పుడు ఆయన ఒక్కొక్క ఫ్యూజు తీసి చూడసాగెను. ఫ్యూజు తీసినచో కొన్ని కంప్యూటర్లు ఉలికిపడి లేచును గనుక, తీయకుండ దాని రెండు తలల నడుమ మిల్లీవోల్టులు కొలుచు పద్ధతియు కలదని, ఏమియు ప్రవహింపని ఫ్యూజులో సున్న చూపునని తరువాత నేర్చుకొంటిమి. ఆరవ ఫ్యూజు తీయగానే అంకె ఒక్కసారిగా ముప్పదికి పడినది. ఆ ఫ్యూజు తొట్టికి ఒక సన్నని నల్ల తీగ చుట్టబడియున్నది. ఆ తీగ వెంట పోగా పోగా అద్దమునకు అంటించిన చిన్న కెమెరా వద్దకు చేరితిమి!

2018 వేసవిలో ఒక దుకాణమున ఆ కెమెరాను ముచ్చటపడి పెట్టించితిమి. బిగించిన కుర్రవాడు దాని తీగను, తాళము తీసినను విద్యుత్తు ఆగని ఫ్యూజుకు కలిపి పోయెను. నాటినుండి అది మా వాకిటిలో వెళ్లు పిల్లులను, పాలవానిని రాత్రింబవళ్లు చిత్రించుచు, దినమునకు ఇంచుమించు నాలుగు ఆంపియరు-గంటలు భుజించుచున్నది. గాదె క్రింద పందికొక్కు! ఆఫీసునకు ప్రతిదినము పోయివచ్చినన్నాళ్లు పోయినదానిలో అధిక భాగము తిరిగి చేరుచు, ఆ కొరత కానరాలేదు. నిండని బ్యాటరీలు లోలోపల గట్టిపడి ఒకదాని వెనుక ఒకటి పాడగుచుండగా మేము తయారీదారును తిట్టుచుంటిమి. కారు కదలక నిలిచినంతనే ఎనిమిది తొమ్మిది దినములలో సర్వము హరించినది.

తరువాత చేర్చించుకొను వస్తువులన్నిటిని ఇట్లే అనుమానింపవలెను: కారు ఎచ్చట ఉన్నదో తెలుపు ట్రాకరు, పెద్ద ధ్వని పెట్టెల ఆంప్లిఫయరు, స్టీరింగు క్రింది సాకెట్టులో గ్రుచ్చు చిన్న పరికరములు. వానిలో చెడ్డవి అని కాదు. తాళము తీయగానే ఆగు తీగకు కలిపించుకొనుట, లేదా వోల్టులు తగ్గగానే తానే ఆగిపోవు అమరిక వేయించుకొనుట యజమాని అడిగి చేయించుకొనవలసిన పని. అడుగనిచో దుకాణమువాడు తనకు చేతికందిన తీగకు కలుపును.

విదేశములలో పిల్లల వద్దకు ఆరు నెలలకని పోవు తలిదండ్రులు హైదరాబాదులోను విజయవాడలోను కార్లను సెల్లార్లలో విడిచిపోవుచుందురు. వారికి మూడు మార్గములున్నవి. నమ్మకమైనవాడు ఉన్న వారమునకొకసారి గంటసేపు నడపించుట మొదటిది. సెల్లారులో ప్లగ్గు సౌకర్యమున్న, నిండినంత సేపు నింపి తరువాత కేవలము నిలుపుటకు సరిపడునంత మాత్రమే ఇచ్చు మెయింటెయినరు చార్జరును తగిలించి పోవుట రెండవది. మా దృష్టిలో ఇదియే ఉత్తమము. మూడవది, బ్యాటరీని నిండుగా చార్జి చేయించి మైనస్సు తీగను ఊడదీయుట. ఇందువలన గడియారము, రేడియో స్టేషన్లు, అద్దములు ఒక్క నొక్కుతో లేచు అమరిక మరచిపోవచ్చును. అది పెద్ద నష్టము కాదు. తీగ తీసిన పిమ్మట రిమోటు పనిచేయదు. రిమోటు లోపల దాగియున్న చిన్న ఇనుప తాళపుచెవిని ముందుగానే తీసి, అది తలుపునకు పట్టుచున్నదో లేదో చూచుకొనవలెను. బ్యాటరీ డిక్కీలో ఉండి, ఆ డిక్కీ విద్యుత్తుతో మాత్రమే తెరచుకొను కార్లలో ఈ మార్గము తలనొప్పియే.

మోటారు సైకిళ్ల సంగతి క్లుప్తముగా. వీని బ్యాటరీలు మిక్కిలి చిన్నవి. అనేక స్కూటర్లలో మూడు నుండి అయిదు ఆంపియరు-గంటలు. 2017 ఏప్రిల్ నుండి కొత్త ద్విచక్ర వాహనములలో ఇంజను తిరుగుచున్నంతసేపు ముందు దీపము వెలుగుచునే ఉండును. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజి ఆరు నియమములు వచ్చిన పిమ్మట కార్బ్యురేటరు పోయి, పెట్రోలును విద్యుత్ పంపు, కంప్యూటరు కలిసి అందించుచున్నవి. పూర్వము బ్యాటరీ పూర్తిగా చచ్చినను కిక్కు కొట్టిన బండి కదలెడిది. నేడు అనేక బండ్లకు కిక్కే లేదు; ఉన్నవానిలో గూడ బ్యాటరీ పూర్తిగా చచ్చినచో పంపు కదలక, కిక్కు వృథాయగుట కలదు. పండుగకు పదునైదు దినములు ఊరికి పోయి వచ్చి కాలు నొప్పించుకొనువారు దీనిని తెలిసికొందురు గాక.

విద్యుత్ కార్లవారు తమకు ఈ బాధ లేదనుకొందురు. వాని అడుగున పెద్ద లిథియం బ్యాటరీ ఉన్నమాట నిజమే; కాని తలుపులు, దీపములు, కంప్యూటర్లు వేరొక చిన్న పండ్రెండు వోల్టుల బ్యాటరీ మీదనే ఆధారపడియున్నవి. ఆ పెద్దదానిని బండికి కలుపు స్విచ్చిని సైతము ఈ చిన్నదే మూయవలెను. చిన్నది చచ్చినచో, మూడువందల కిలోమీటర్లు నడువగల శక్తి అడుగున పెట్టుకొని కారు శిలవలె నిలిచిపోవును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒకనాడు బ్యాటరీ చేయివిడువవచ్చును. అప్పుడు మరొక కారునుండి జంపరు తీగలతో బలము తీసికొందురు. ఎర్ర తీగ ఒక కొసను చచ్చిన బ్యాటరీ ప్లస్సుకు, రెండవ కొసను మంచి బ్యాటరీ ప్లస్సుకు పెట్టవలెను. నల్ల తీగ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్సుకు. రెండవ కొసను మాత్రము చచ్చిన బ్యాటరీకి గాక, దానికి దూరముగా ఆ ఇంజనులోని రంగు లేని గట్టి లోహమునకు తగిలింపవలెను. చివర తగిలించు చోట నిప్పురవ్వ లేచును. బ్యాటరీనుండి వెలువడు ఉదజని వాయువు అంటుకొని పెట్టె ప్రేలగలదు. అందుకే ఈ దూరము. ప్రక్కన సిగరెట్టుతో నిలిచి సలహాలిచ్చువారిని కూడ దూరముగా పంపవలెను. తీయునప్పుడు పెట్టిన దానికి వెనుక వరుసలో తీయవలెను. బండి లేచిన తరువాత పది నిమిషములలో మరల ఆపివేయక, ఇంటికి చేరి పూర్తిగా చార్జి చేయింపవలెను.

కొసలమీద తెల్లగా, నీలముగా పూయు బూజువంటి పొడి విద్యుత్తును అడ్డగించును. తీగలు తీసి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరిన పిమ్మట బిగించి, పైన వాసెలిను పూయుట చాలును. తీయునప్పుడు మైనస్సు ముందు, పెట్టునప్పుడు మైనస్సు చివర. క్రొత్త బ్యాటరీ కొనునప్పుడు తయారైన నెల చూచుకొనవలెను. అంగడిలో నెలలు నిలిచినది గూడ నిలిచిన కారులోని దానివలెనే తరుగును. ఎర్రదీపము వద్ద ఇంజను తానే ఆగి తానే లేచు కార్లకు ఏ.జి.యం. అని గాని ఈ.ఎఫ్.బి. అని గాని వ్రాసిన ప్రత్యేకపు బ్యాటరీ కావలెను. ధర తక్కువయని మామూలుది వేసినచో ఆ లాభము ఎన్నో నెలలు నిలువదు.

మా బ్యాటరీని మెకానిక్కు మూడున్నర ఆంపియర్లతో పదునాలుగు గంటలు నెమ్మదిగా చార్జి చేయించెను. కెమెరా తీగ మార్చి మరల కొలువగా ముప్పది మిల్లీ ఆంపియర్లు నిలిచినవి. మూలబడవలసిన ఆ బ్యాటరీ, కొంత బలము తగ్గినను, మరి రెండేండ్లు పనిచేసినది. 2022లో దానిని మార్చినప్పుడు పాతదానిని దుకాణమువారే తూచి తీసికొని బిల్లులో తగ్గించిరి. అందులోని సీసము విషము. మరల కరగించి వాడదగినది కూడ. పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై ఉంచు నియమములు ఆ సంవత్సరముననే వెలువడినవి. కెమెరా ఇప్పటికిని అద్దము మీదనే ఉన్నది. రాత్రివేళ మాత్రము పిల్లులను చూచుట లేదు.